ప్రింట్‌లో మేనత్త సగమే ఎందుకు వచ్చింది: ఫొటో సైజుల వెనక లెక్క

మా ఇంటి హాల్లో ఒక 8×10 ఇంచుల ఫ్రేమ్ ఉంది. తమ్ముడి పెళ్ళిలో తీసిన గ్రూప్ ఫొటో అది. పదిమంది వరసగా నిలబడ్డారు. ఎడమ చివర పెదనాన్న, కుడి చివర మేనత్త. కెమెరా వెనక స్క్రీన్ మీద చూసినప్పుడు పదిమందీ ఉన్నారు. కంప్యూటర్‌లో చూసినప్పుడూ ఉన్నారు. ప్రింట్ తెచ్చి ఫ్రేమ్ కట్టించాక చూస్తే పెదనాన్నకి ఒక భుజం లేదు, మేనత్త సగమే ఉంది. ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఫొటో ముందు ఆగి, "నన్ను కోసేశారేంట్రా" అంటుంది. నవ్వుతూనే అంటుంది, కానీ ప్రతిసారీ అంటుంది.

ల్యాబ్ వాళ్ళు చెడగొట్టారని చాలాకాలం అనుకున్నాం. తర్వాత ఒకరోజు కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, ఆ ఫొటో ఆ కాగితం నిండా వేస్తే అలాగే వస్తుంది. ఎవరిని ఉంచాలో, ఎంత కోయాలో మేం ముందే చెప్పి ఉండాల్సింది. మేం చెప్పలేదు కాబట్టి మిషన్ రెండు వైపులా సమానంగా కోసింది.

ఇప్పుడు ఎవరి ఫోన్ చూసినా వేల ఫొటోలు. ప్రింట్ మాత్రం ఎప్పుడో ఒకసారి: షష్టిపూర్తికో, గృహప్రవేశానికో, వీసాకో, ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడో. అప్పుడు కౌంటర్ దగ్గర ఒక్కసారిగా చాలా మాటలు వినిపిస్తాయి. "300 డీపీఐ ఉందా?" "రిజల్యూషన్ చాలదండీ." "క్రాప్ అవుతుంది, పర్లేదా?" "వాట్సాప్‌లో కాదు, ఒరిజినల్ పంపండి." మనం అన్నిటికీ తలూపి వచ్చేస్తాం. ఆ మాటల అర్థం ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫొటోకి ఇంచులు ఉండవు

డిజిటల్ ఫొటో అంటే చిన్న చిన్న రంగు గళ్ళ వరసలు. ఒక్కో గడి ఒక పిక్సెల్. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫొటోలో సాధారణంగా అడ్డంగా 4032, నిలువుగా 3024 గళ్ళు ఉంటాయి. రెండూ గుణిస్తే కోటీ ఇరవై లక్షల పైచిలుకు. మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెల్స్ కాబట్టి 12 అన్నారు.

ఆ ఫైల్ ఎన్ని ఇంచులు అని అడిగితే జవాబు లేదు. ముగ్గు వేసేటప్పుడు 21 చుక్కల ముగ్గు అంటాం. అది ఎంత పెద్దది? చుక్కకీ చుక్కకీ మధ్య దూరం ఎంత పెడితే అంత. వాకిలంతా పరవచ్చు, అరుగు మీద సర్దనూ వచ్చు. చుక్కలు మాత్రం 21. ఫొటో కూడా అంతే. పిక్సెల్స్ ఎన్నో ఖాయం. అవి ఎంత దగ్గరగా కూర్చోవాలన్నది కాగితం సైజును బట్టి తేలుతుంది.

ఒక ఇంచులో ఎన్ని పిక్సెల్స్ కూర్చున్నాయో చెప్పే లెక్కే పీపీఐ. 4032 పిక్సెల్స్‌ను 12 ఇంచుల పొడవు మీద పరిస్తే ఇంచుకి 336. అదే ఫొటోను 18 ఇంచుల మీద పరిస్తే 224. 30 ఇంచుల మీద పరిస్తే 134. ఫైల్ మారలేదు, భాగహారం మారింది.

డీపీఐ అనే మాట నిజానికి ప్రింటర్ కాగితం మీద వేసే సిరా చుక్కలది. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్ డబ్బా మీద 5760 అని రాసి ఉంటే అది ఈ చుక్కల సంగతి. ఒక పిక్సెల్ రంగు రావడానికి ప్రింటర్ చాలా చుక్కలు కలిపి వేస్తుంది. కానీ వాడుకలో స్టూడియోల్లో, ఆఫీసుల్లో, ఫారాల్లో అందరూ పీపీఐని కూడా డీపీఐ అనే అంటారు. కాబట్టి ఎవరైనా 300 డీపీఐ అంటే ఇంచుకి 300 పిక్సెల్స్ అని అర్థం చేసుకుంటే చాలు.

ఇక్కడే ఒక పెద్ద అపోహ. ఫొటో ఫైల్ ప్రాపర్టీస్‌లో "72 డీపీఐ" అని కనబడగానే టెన్షన్ పడతారు. ఆ అంకె ఫైల్‌కి కట్టిన చీటీ మాత్రమే. 4032×3024 ఫొటో మీద 72 అని రాసి ఉన్నా, 300 అని రాసి ఉన్నా 8×12 ప్రింట్ ఒక్కలాగే వస్తుంది. అలాగే 600 పిక్సెల్స్ ఫొటోకి చీటీ మార్చి 300 అని రాసినంత మాత్రాన కొత్త వివరం ఏమీ చేరదు. ఇడ్లీ పిండి గిన్నె మీద "ఇరవై మందికి" అని రాస్తే పిండి పెరగదు కదా.

మేనత్త లెక్క

సరిపడా పిక్సెల్స్ ఉన్నా మేనత్త ఎందుకు తెగింది? ఎందుకంటే అది సైజు సమస్య కాదు, ఆకారం సమస్య. పొడవుకీ వెడల్పుకీ మధ్య ఉండే నిష్పత్తి ఫొటోకి ఒకటి, కాగితానికి ఇంకొకటి.

ఆ పెళ్ళి ఫొటో 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసింది: 6000×4000. నిష్పత్తి 3:2. ఫ్రేమ్ 8×10, అంటే 5:4. నిలువుగా ఉన్న 4000 పిక్సెల్స్‌ను 8 ఇంచులకి సరిపెడితే, 10 ఇంచుల అడ్డానికి 5000 పిక్సెల్స్ చాలు. మిగిలిన 1000 కాగితం బయటికి పోతాయి. నడిమధ్యకి సర్ది వేశారు కాబట్టి అటు 500, ఇటు 500.

ఫొటోలో రెండు చివర్లా 250 పిక్సెల్స్ చొప్పున ఖాళీ ఉంది. మధ్యలోని 5500 పిక్సెల్స్‌లో పదిమంది, ఒక్కొక్కరికీ సుమారు 550. చివర కోసిన 500లో 250 ఖాళీ స్థలం. మిగతా 250 మేనత్త. 550లో 250 పోతే ఆవిడ సగానికి కాస్త ఎక్కువ మిగిలింది. ఫ్రేమ్ కట్టినప్పుడు ఆ చెక్క అంచు కింద ప్రతివైపూ పావు ఇంచు దాకా ప్రింట్ దాక్కుంటుంది. అక్కడ ఇంకో 125 పిక్సెల్స్ పోయాయి. సగం కూడా దక్కలేదన్నమాట. ఫ్రేమ్ అంచు సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు, మేమూ తీసుకోలేదు.

అదే ఫొటోని 8×12 వేయించి ఉంటే? 12కి 8, నిష్పత్తి 3:2. ఒక్క పిక్సెల్ కూడా కోయాల్సిన పని లేదు. రెండు ఇంచులు పొడవైన ఫ్రేమ్ తీసుకుంటే సరిపోయేది.

ఇన్ని ఆకారాలు ఎక్కడి నుంచి వచ్చాయి

అందరూ ఒకే నిష్పత్తి పెట్టుకుంటే ఈ గొడవ ఉండేది కాదు. కానీ ఒక్కో ఆకారానికీ ఒక్కో పుట్టుక.

3:2 రీలు కెమెరాల నుంచి వచ్చింది. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఆయన సినిమా రీలుతో నడిచే చిన్న కెమెరా తయారుచేశాడు. సినిమా ఫ్రేము 18×24 మిల్లీమీటర్లు ఉంటే, ఆయన రెండు ఫ్రేముల జాగా కలిపి 24×36 చేశాడు. అదే 1925లో లైకాగా మార్కెట్లోకి వచ్చింది. తర్వాత రీలు కెమెరాలన్నీ దాదాపు ఆ దారే పట్టాయి. ఇప్పటి డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఎక్కువ శాతం అదే 3:2. మన స్టూడియోల్లో మ్యాక్సీ సైజు అనే 4×6 కూడా ఆ ఆకారమే. 8×12, 12×18, 20×30 అన్నీ ఆ ఇంటి పిల్లలే.

4:3 పాత మూకీ సినిమా తెరది, తర్వాత పాత టీవీలది, ఆ మీదట కంప్యూటర్ మానిటర్లది. ఫోన్ కెమెరా సెన్సర్ (వెలుతురును పట్టే చిప్) దీన్నే తీసుకుంది. దీనికి అచ్చంగా సరిపోయే ప్రింట్ సైజు 6×8. 8×10, 16×20 అనే 5:4 ఆకారం పెద్ద ఫిల్మ్ షీట్లు పెట్టే పాత స్టాండ్ కెమెరాల కాలం నాటిది. ఆ కెమెరాలు పోయాయి, ఆ సైజు ఫ్రేములు మాత్రం ఇప్పటికీ ప్రతి ఫ్రేమ్ షాపులోనూ వేలాడుతున్నాయి. 5×7 ఈ మూడింట్లో దేనికీ చెందదు. ఆఫీసుల్లో వాడే ఏ4 కూడా అంతే.

అందుకే ఫోన్ ఫొటోని 4×6 వేయిస్తే పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు పోతుంది. 4032×3024లో 336 వరసలు. అడ్డంగా తీసిన గ్రూప్ ఫొటోలో అది వెనక నిలబడ్డ పొడుగు మనిషి జుట్టో, ముందు కూర్చున్న పిల్లల పాదాలో అవుతుంది.

ఫోన్ కెమెరాలో ఫుల్ స్క్రీన్ కోసం 16:9 పెట్టుకుని తీసేవాళ్ళకి రెండు కోతలు పడతాయి. 4000×3000 సెన్సర్ మీద ఫోన్ ముందే పైనా కిందా కోసేసి 4000×2250 ఇస్తుంది. దాన్ని 4×6 మీద వేసేటప్పుడు ల్యాబ్ పక్కలు కోసి 3375×2250 చేస్తుంది. సెన్సర్ చూసిన దృశ్యంలో చివరికి కాగితం మీదికి వచ్చేది 63 శాతం. మామూలు 4:3లో తీసి ఉంటే 89 శాతం వచ్చేది. స్క్రీన్ నిండా కనిపించేది పెద్ద ఫొటో అనుకుంటాం, నిజానికి అదే చిన్నది.

కోయాలా, తెల్ల అంచు వదలాలా, సాగదీయాలా

ఫొటో ఆకారం, కాగితం ఆకారం కలవనప్పుడు దారులు మూడే.

మొదటిది క్రాప్: కాగితం నిండుతుంది, ఫొటో అంచులు పోతాయి. రెండోది ఫిట్: ఫొటో మొత్తం వస్తుంది, రెండు పక్కలా తెల్ల కాగితం మిగులుతుంది. 4:3 ఫొటోని 4×6లో పూర్తిగా పట్టిస్తే ఫొటో 4×5.33 ఇంచులు వస్తుంది, అటూ ఇటూ మూడో వంతు ఇంచు చొప్పున తెలుపు. మూడోది సాగదీయడం: అదే ఫొటోని బలవంతంగా 6 ఇంచులకి లాగితే మనుషులు ఉన్నదానికన్నా ఎనిమిదో వంతు ఎక్కువ వెడల్పవుతారు. ఇది తప్పని అందరూ ఒప్పుకుంటారు, అయినా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది.

మొదటి రెండింటి మధ్యే అసలు వాదన. ఫొటోగ్రాఫర్లు చాలామంది తెల్ల అంచు వైపు మొగ్గుతారు. ఫ్రేములో ఏముండాలో తీసేటప్పుడే నిర్ణయించాం, దాన్ని కాగితం ఎందుకు మార్చాలి అన్నది వాళ్ళ మాట. కౌంటర్ మీద ఉండేవాళ్ళ అనుభవం వేరు. తెల్ల అంచుతో ఇస్తే "పేపర్ వేస్ట్ చేశారు", "ప్రింట్ సరిగ్గా పడలేదు" అని కస్టమర్లు వెనక్కి తెస్తారు. ఆల్బమ్ కవర్లలో పెట్టినప్పుడు ఒకటి అంచుతో, ఒకటి అంచు లేకుండా ఉంటే వరస చెడుతుందన్నదీ నిజమే. అందుకే చాలా ల్యాబుల్లో ఏమీ చెప్పకపోతే నిండుగా వేసేస్తారు, అంటే క్రాప్.

నాకు మాత్రం ఇది ఫొటోని బట్టి తేలే విషయం అనిపిస్తుంది. సముద్రం, గుడి గోపురం, ఒంటరి మనిషి అయితే అంచు కోసినా నష్టం లేదు, ఒక్కోసారి బాగుపడుతుంది కూడా. మనుషులు అంచుదాకా ఉన్న గ్రూప్ ఫొటోలో కోత అంటే ఎవరో ఒకరు. అక్కడ తెల్ల అంచు ఉండనివ్వండి అంటాను. అన్నట్టు, నిండు ప్రింట్‌లో కాగితం పక్కకి జరిగినా తెల్ల గీత కనబడకుండా మిషన్ ఫొటోని కాగితం కన్నా కొంచెం పెద్దదిగా వేస్తుంది. అందువల్ల నిష్పత్తి అచ్చంగా కలిసినా చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతాయి. ఫొటో మూలన వేసిన తేదీలూ పేర్లూ తెగేది ఇందుకే.

300 అంకెకి ఆధారం మన కన్ను

మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతల్ని విడివిడిగా చూడలేదు. ఫొటోని చేత్తో పట్టుకుని అడుగు దూరంలో చూస్తే, ఆ కోణం ఇంచులో సుమారు 286వ వంతుకి సమానం. దాన్నే రౌండ్ చేసి 300 అన్నారు. అంతకన్నా దగ్గరగా పిక్సెల్స్ పేర్చినా కంటికి తేడా తెలియదు.

దూరం పెరిగితే ఈ అంకె దిగిపోతుంది. మూడడుగుల నుంచి చూసేదానికి 95 చాలు. ఆరడుగుల నుంచి 48. రోడ్డు పక్క ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న ఫ్లెక్సీకి ఇంచుకి పది పిక్సెల్స్ ఉన్నా మనకి నిండుగానే కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే గళ్ళు గళ్ళుగా ఉంటుంది.

అయితే 300 లేకపోతే ప్రింట్ వేయకూడదనే వాళ్ళది చాదస్తమా? పూర్తిగా కాదు. గోడ మీది ఫొటోని మూడడుగుల నుంచే చూస్తారన్న హామీ ఎవరివ్వగలరు? మనవాళ్ళు గ్రూప్ ఫొటో కనబడగానే దగ్గరికెళ్ళి వేలు పెట్టి "ఇది మా పిన్ని" అని చూపిస్తారు. పట్టుచీర జరీ, నగల నకిషీ లాంటి సన్నని పనితనం ఉన్నచోట తక్కువ పిక్సెల్స్ ముందుగా బయటపడతాయి. రెండో పక్షం వాళ్ళూ తప్పు కాదు. 300 అనే గీత పెట్టుకుని కూర్చుంటే 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటోని 8×12 దాటి వేయలేం. కానీ అదే ఫొటో 12×18లో 224 దగ్గర చక్కగా వస్తుంది, లక్షల ఇళ్ళ గోడల మీద వచ్చే ఉంది. చేతిలో పట్టుకుని చూసేదానికి 250 నుంచి 300, గోడకి వేలాడేదానికి 150 అన్న గీతలు పెట్టుకుని నేను ఇప్పటిదాకా ఎప్పుడూ బాధపడలేదు.

ఫోన్ డబ్బా మీద 50, 108, 200 మెగాపిక్సెల్ అని ఉంటే ఈ లెక్కలన్నీ మారిపోతాయా అంటే, మామూలుగా మారవు. ఆ సెన్సర్లు పక్కపక్క పిక్సెల్స్‌ను నాలుగో, తొమ్మిదో, పదహారో కలిపి ఒకటిగా చేసి 12 మెగాపిక్సెల్ చుట్టుపక్కల ఫొటోనే ఇస్తాయి. పూర్తి పిక్సెల్స్ కావాలంటే కెమెరాలో ఆ మోడ్ విడిగా ఎంచుకోవాలి.

వాట్సాప్ దారిలో ఏం పోతుంది

వాట్సాప్ మామూలు పద్ధతిలో పంపిన ఫొటోని చిన్నది చేస్తుంది. 4032×3024 ఫొటో అవతలి ఫోన్‌కి చేరేసరికి సాధారణంగా 1600×1200 అవుతుంది. 12 మెగాపిక్సెల్స్ వెళ్ళి 1.9 మిగిలాయి. అంటే ఆరో వంతు కూడా లేవు.

మరి ఆ ఫొటో ప్రింట్‌కి పనికిరాదా? భాగహారం చేసి చూడండి. 4×6లో 1600ను ఆరుతో భాగిస్తే 266. మ్యాక్సీ సైజుకి బాగానే సరిపోతుంది. 8×12లో 133, దూరం నుంచి పర్వాలేదు. 12×18లో 89, దగ్గరికెళితే ముఖాలు మైనం పూసినట్టు ఉంటాయి. పిక్సెల్స్ తగ్గించడంతోపాటు ఫైల్ బరువు కూడా దించుతుంది కాబట్టి జుట్టు, చెట్ల ఆకులు, చీర నేత లాంటి చోట్ల వివరం నలిగిపోతుంది. అందుకే అంకె బాగున్నా ప్రింట్ కొంచెం మొద్దుగా కనిపిస్తుంది. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ అనే ఆప్షన్ వచ్చింది, దాంతో నష్టం చాలా తగ్గింది. ఏమీ పోకుండా వెళ్ళేది డాక్యుమెంట్‌గా పంపినప్పుడే. స్టేటస్ నుంచి తీసిన స్క్రీన్‌షాట్ అన్నిటికన్నా ఆఖరు మెట్టు: చిన్నది చేసిన ఫొటోని ఇంకోసారి చిన్నది చేసి, పైన బ్యాటరీ గుర్తుతో సహా దాచుకోవడం.

గ్రూప్ ఫొటోలోంచి ఒక్క ముఖం

ఈ లెక్కలు నాకు నిజంగా అవసరమైంది మా నానమ్మ పోయినప్పుడు. పెద్దకర్మకి ఫొటో కావాలి. ఆవిడ ఒక్కతే ఉన్న మంచి ఫొటో ఒక్కటీ లేదు. ఎవరైనా తీస్తానంటే "నాకెందుకురా" అని చెయ్యి అడ్డం పెట్టేది. ఒక సంక్రాంతికి అందరం కలిసి అరుగు మీద దిగిన ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో దొరికింది. అందులో మాత్రం నవ్వుతోంది.

వాట్సాప్ కాపీ, 1600×1200. అందులో నానమ్మ తల, భుజాలు ఉన్న ముక్క 240×320 పిక్సెల్స్. ఇంట్లోవాళ్ళు అడిగింది 12×18. 240ని 12తో భాగిస్తే 20. ఆరడుగుల దూరానికి కావాల్సిన 48లో సగం కూడా లేదు.

స్టూడియోలో కుర్రాడు ఏఐతో బాగుచేస్తానన్నాడు. రెండు నిమిషాల్లో చేసి చూపించాడు. కనురెప్పలు ఒక్కొక్కటీ విడిగా కనబడుతున్నాయి, చర్మం మెరుస్తోంది, ముఖం అద్దంలా స్పష్టంగా ఉంది. ముక్కుపుడక మాత్రం లేదు. అది ఉండాల్సినచోట చిన్న వెలుగు మచ్చ. గడ్డం మీది పుట్టుమచ్చ కూడా పోయింది. మేనత్త చాలాసేపు చూసి, "అమ్మలాగే ఉంది, అమ్మ కాదు" అంది.

అక్కడ జరిగింది ఏమిటంటే, మామూలుగా ఫొటోని పెద్దది చేసే పద్ధతి పక్కపక్క పిక్సెల్స్ మధ్య రంగుల్ని సర్ది ఖాళీ నింపుతుంది. ఫలితం మసకగా ఉంటుంది, కానీ లేనిది చేర్చదు. ఏఐ పద్ధతి లక్షల ఇతర ఫొటోలు చూసి నేర్చుకున్నది. ఇలాంటి మసక గళ్ళు ఉన్నచోట మామూలుగా ఎలాంటి కన్ను, ఎలాంటి పెదవి ఉంటుందో ఊహించి గీస్తుంది. నానమ్మ ముక్కుపుడక వాట్సాప్ కాపీలో రెండు మూడు పిక్సెల్స్. అది పుడకో, మెరుపో తెలిసే ఆధారం ఆ ఫైల్‌లో లేదు.

దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి, రెండిటికీ బలం ఉంది. స్టూడియో వాళ్ళు అంటారు: రీళ్ళ కాలంలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు సరిచేసేవాళ్ళం, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకి చేత్తో రంగులు వేసేవాళ్ళం, పక్కనున్నవాళ్ళని తీసేసి వెనక నీలం తెర పెట్టేవాళ్ళం, ఎవరూ కాదనలేదు, ఇది దానికి కొనసాగింపే. అసలు ఫొటోయే లేని ఇంటికి ఏదో ఒక ముఖం ఇవ్వడం కూడా చిన్న విషయం కాదు. వద్దనేవాళ్ళ మాట వేరు: పెన్సిల్ పట్టుకున్న మనిషి ఎదుట ఉన్న ముఖాన్ని చూసి దిద్దేవాడు, ఇది వేరే ముఖాల్ని చూసి దిద్దుతోంది, పదేళ్ళ తర్వాత మనవలకి గుర్తుండేది ఆ గీసిన ముఖమే అవుతుంది. వెనక గోడని, చీరని, గీతలు పడ్డ పాత ప్రింట్‌ని ఏఐతో బాగుచేయడంలో నాకు అభ్యంతరం లేదు. ముఖం దగ్గరికొచ్చేసరికి నాది మేనత్త పక్షం. మసకగా ఉన్నా ఆవిడే కావాలి.

రంగుల సంగతి, క్లుప్తంగా

స్క్రీన్ తనే వెలుగుతుంది. కాగితం మీద పడ్డ వెలుతురే కాగితం తిరిగి ఇస్తుంది. అందుకే ఫోన్‌లో బాగున్న ఫొటో ప్రింట్‌లో ఒక మెట్టు చీకటిగా అనిపిస్తుంది. బ్రైట్‌నెస్ నిండా పెట్టి ఎడిట్ చేసినవాళ్ళకి ఈ తేడా ఇంకా ఎక్కువ.

రంగుల్ని అంకెలుగా రాయడానికి కూడా పద్ధతులున్నాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీ అందులో అందరికీ అర్థమయ్యేది, ఫొటో ల్యాబులు ఎక్కువగా ఎదురుచూసేది కూడా అదే. అడోబ్ ఆర్‌జీబీలో, ఐఫోన్లు వాడే డిస్‌ప్లే పీ3లో ఇంకా గాఢమైన రంగులు పడతాయి. కానీ అవతలి మిషన్ ఆ పద్ధతిని గుర్తించకపోతే కుంకుమ రంగు చీర వెలిసిపోయినట్టు వస్తుంది. ఐఫోన్ 2017 నుంచి ఫొటోల్ని హెచ్‌ఈఐసీ అనే రకంలో దాచుకుంటోంది. కొన్ని ల్యాబుల్లో అది తెరుచుకోదు, జేపెగ్‌గా మార్చి ఇవ్వాల్సి వస్తుంది.

ల్యాబ్ మిషన్‌లో ఆటో కరెక్షన్ ఉంటుంది. పెళ్ళి హాల్లో తీసిన మామూలు ఫొటోలకి అది మేలే చేస్తుంది. కానీ అది ఫొటో మొత్తం సగటు వెలుతురును మధ్యస్థంగా ఉంచాలని చూస్తుంది. తెల్ల పంచెలు కట్టుకున్న పదిమంది పెద్దలు నిలబడితే తెలుపు బూడిద రంగులోకి దిగుతుంది. విశాఖ బీచ్‌లో సూర్యోదయానికి ఎదురుగా నల్లని నీడలా తీసిన ఫొటోలో నీడని వెలిగించి ఆకాశాన్ని పాలిపోయేలా చేస్తుంది. అలాంటివాటికి "కరెక్షన్ లేకుండా" అని ముందే చెప్పేవాళ్ళు ఉంటారు, ల్యాబ్ వాళ్ళకి ఆ మాట తెలిసిందే.

మిల్లీమీటరు తప్పినా కుదరని ఫొటోలు

పాస్‌పోర్ట్ సైజు అని మనం ఒకే మాట వాడతాం, కానీ ఎవరికిస్తున్నామో దాన్ని బట్టి కొలత మారుతుంది. విరివిగా నడిచేది 35×45 మిల్లీమీటర్లు. అమెరికా వీసాకి 2×2 ఇంచుల చదరం. పిల్లల్ని చూడడానికి వెళ్ళే అమ్మానాన్నలు ఇక్కడే ఇరుక్కుంటారు.

35×45కి ఇంచుకి 300 లెక్కన 413×531 పిక్సెల్స్ చాలు. ఏ ఫోన్‌కైనా ఇది లెక్కలోనిది కాదు. ఒక మ్యాక్సీ కాగితం 152×101 మిల్లీమీటర్లు. అడ్డంగా నాలుగు ముప్ఫై అయిదులు 140, నిలువుగా రెండు నలభై అయిదులు 90. ఎనిమిది ఫొటోలు పట్టి, కత్తిరించుకోవడానికి అంచూ మిగులుతుంది. 2×2 అయితే సరిగ్గా ఆరు పడతాయి, అంచు అనేదే ఉండదు. నిండు ప్రింట్‌లో చుట్టూ పోయే ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇక్కడ ఆరింటినీ చెడగొడతాయి. అందుకే నాలుగే వేసి చుట్టూ తెలుపు వదిలేవాళ్ళున్నారు. ఇంటి ప్రింటర్‌లో "ఫిట్ టు పేజ్" ఆన్‌లో ఉంటే కూడా ఇదే ప్రమాదం. 97 శాతానికి కుదిస్తే 45 మిల్లీమీటర్లు 43.7 అవుతుంది, కంటికి తెలియదు.

అమెరికా వీసా ఫొటోలో కాగితంతోపాటు తలకీ కొలత ఉంది: గడ్డం నుంచి నడినెత్తి దాకా ఇంచు నుంచి ఇంచుంపావు పైన ఇంకో పరక (ఎనిమిదో వంతు) వరకు, అంటే ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం. ఆన్‌లైన్‌లో ఇచ్చేదైతే కనీసం 600×600, గరిష్ఠం 1200×1200 పిక్సెల్స్. 600 ఫైల్‌లో తల 300కీ 414కీ మధ్య ఉండాలి. ఫొటో తీసేటప్పుడే కాస్త దూరం జరిగి తలపైన ఖాళీ వదిలితే తర్వాత ఎలాగైనా కోసుకోవచ్చు. ముఖం నిండుగా తీసేస్తే, తల పైన చేర్చడానికి గోడ ఉండదు.

బాబాయి ఫోన్లో

నానమ్మ ఫొటో తీసింది బాబాయి. ఫోన్ మార్చేశాడు కానీ పాతది బీరువాలో పడి ఉంది. ఛార్జింగ్ పెట్టి వెతికితే ఒరిజినల్ దొరికింది: 4032×3024. అందులో అదే తల, భుజాల ముక్క 605×806 పిక్సెల్స్. 12×18కి వేస్తే ఇంచుకి 50, దగ్గరికెళ్ళి చూసేవాళ్ళకి ఇంకా చాలదు. 6×8కి వేస్తే 100. మూడడుగుల దూరానికి కావాల్సింది 95. ఆ ముక్క ఆకారం 6×8 ఆకారం ఒకటే కాబట్టి కోత కూడా లేదు.

6×8 మరీ చిన్నదన్నారు ఇంట్లో. ఫ్రేమ్ షాపాయన చుట్టూ రెండించుల క్రీమ్ రంగు అట్ట (మౌంట్) పెట్టి 10×12 ఫ్రేమ్‌లో బిగించాడు. దండ వేయడానికి సరిపోయింది. ప్రింట్ అంచుల్లో చీర కాస్త మసకగా ఉంది. ముక్కుపుడక ఉంది, పుట్టుమచ్చ ఉంది. మేనత్త దగ్గరికెళ్ళి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది.